దూరం ఉంటేనే ఉత్తరం: నెబ్రాస్కాలో ఒక వలస కుటుంబం దాచుకున్న కాగితాలు

(గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అండీ? సరే.

ఈ సాయంత్రం ఒక రైతు కుటుంబం రాసుకున్న ఉత్తరాల గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, ఆబ్లింగర్ అనే ఇంటిపేరు. ఆయన పేరు యురయా, ఆవిడ పేరు మ్యాటీ, వాళ్ళ పెద్దపిల్ల పేరు ఎల్లా. పేరుమోసిన మనుషులు కారు. పొలం, అప్పు, పిల్లలు, వాన కోసం ఎదురుచూపు, ఇదే వాళ్ళ బతుకు. అయినా వాళ్ళ ఉత్తరాలు సుమారు 3,000 పేజీలు ఈరోజుకీ ఉన్నాయి. అసలు ప్రతులు లింకన్ పట్టణంలో నెబ్రాస్కా రాష్ట్ర చారిత్రక సంఘం దగ్గరున్నాయి. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం ఉంది, వాళ్ళు వీటిని పేజీ పేజీకీ ఫొటో తీసి, పక్కనే చదివి టైపు చేసిన పాఠం కూడా ఇచ్చి, ఇంటర్నెట్లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఇంటికి వెళ్ళాక మీరే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ముందు ఆ కాలం సంగతి రెండు మాటల్లో. 1862లో అమెరికాలో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. 1863 జనవరి 1 నుంచి అమలు. కుటుంబ పెద్ద అయినా, 21 ఏళ్ళు నిండినవాళ్ళయినా 160 ఎకరాల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడే కాపురముండి, దున్ని, ఇల్లు కట్టి చూపిస్తే భూమి సొంతం. రుసుములన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. యురయాలాగా అమెరికా అంతర్యుద్ధంలో యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది రాష్ట్రాల వైపు, పనిచేసినవాళ్ళకి 1872 చట్టం ఇంకో వెసులుబాటు ఇచ్చింది, సైన్యంలో ఉన్న కాలాన్ని ఆ అయిదేళ్ళలోంచి తీసేసుకోవచ్చని. అదే సంవత్సరం శరత్కాలంలో ఆయన ఇండియానా రాష్ట్రంలో భార్యనీ పసిపిల్లనీ అత్తవారింటి దగ్గర ఉంచి, బావమరుదులు తోడుగా బండి కట్టుకుని నెబ్రాస్కా వెళ్ళాడు. ఫిల్‌మోర్ కౌంటీలో భూమి పట్టాడు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. ఆ చలికాలమంతా భార్యకి ఉత్తరాలు రాశాడు. "భార్యకి" అన్నాను గానీ, ఆ ఉత్తరాలు మ్యాటీకీ, ఇంకా అక్షరం ముక్క తెలియని ఎల్లాకీ కలిపి రాసినవి.

ఇప్పుడు ఒక ప్రశ్న. మ్యాటీ 1873 మే నెలలో పిల్లని తీసుకుని భర్త దగ్గరికి చేరింది. ఆ తరువాత వాళ్ళిద్దరి మధ్య ఉత్తరాలు ఏమయ్యాయి?

ఆగిపోయాయి. ఆగవా మరి? ఒకే ఇంట్లో ఉన్న మొగుడూ పెళ్ళాం ఉత్తరాలు రాసుకుంటారా?

ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ కుటుంబ పత్రాలు చదివే ప్రతివాళ్ళూ మొట్టమొదట మనసులో పెట్టుకోవలసింది ఇదే. దూరం ఉంటేనే ఉత్తరం. కట్టలో కనిపించేది ఆ కుటుంబం జీవితం కాదండీ, ఆ కుటుంబం విడిగా ఉన్న రోజుల జీవితం. కలిసి ఉన్న సంవత్సరాలు, పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్న సంవత్సరాలు కాగితం మీదికి ఎక్కవు. 1872, 73 చలికాలం గురించి మనకి వారం వారం తెలుసు, ఎందుకంటే ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ. 1873 మే తరువాత గొంతు మారిపోతుంది. ఇప్పుడు మ్యాటీ రాస్తోంది, ఇండియానాలో ఉన్న పుట్టింటికి. దూరం ఎటు మారితే ఉత్తరం అటు తిరిగింది.

గొంతుతో పాటు చెప్పే విషయమూ మారుతుంది, గమనించండి. మొగుడు పెళ్ళానికి రాసేటప్పుడు, రమ్మని ఒప్పించాలి, ధైర్యం చెప్పాలి, అలాగని అబద్ధం చెప్పకూడదు. కూతురు తల్లిదండ్రులకి రాసేటప్పుడు వేరే అవసరం. 1873 జూన్‌లో మ్యాటీ రాసిన ఉత్తరం ఉంది. మేము మట్టిపెళ్ళల ఇంట్లో ఉంటున్నాం కాబట్టి కష్టాలు పడుతున్నామని మీరు అనుకుంటున్నారేమో, నిజం చెప్తున్నాను, ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను, అని. ఇంట్లో ఇంకా నేల వేయలేదు, అదొక్కటే లోటు, అని. ఇప్పుడు చెప్పండి, ఆ సంతోషం నిజమా? అమ్మానాన్నలు బెంగ పెట్టుకోకూడదని రాసిన మాటా? రెండూ కావచ్చు. పెళ్ళయి దూరం వెళ్ళిన ఏ ఆడపిల్ల ఉత్తరం తీసినా ఈ రెండూ కలిసే ఉంటాయి. అందుకే ఒక్క ఉత్తరం మీద తీర్పు ఇవ్వకూడదు. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఆ చదివే మనిషి ఏమనుకోవాలని రాశారు, ఈ మూడూ అడగాలి. ప్రతి ఉత్తరానికీ అడగాలి.

మట్టిపెళ్ళల ఇల్లు అంటే ఏమిటో చెప్పాలి కదా. అక్కడ చెట్లు లేవు, ఏటి ఒడ్డున కొద్దిగా తప్ప. కలప కొనాలంటే డబ్బు లేదు. ఉన్నదల్లా గడ్డినేల. వేల ఏళ్ళుగా వేళ్ళు అల్లుకుపోయిన నేల, జనపనార చాపలాగా. దాన్ని ప్రత్యేకమైన నాగలితో సుమారు అడుగు వెడల్పు, నాలుగు అంగుళాల మందం పట్టీలుగా కోసి, రెండు మూడు అడుగుల పొడవు ముక్కలు చేసి, గడ్డివైపు కిందికి పెట్టి, ఇటుకల్లా పేర్చేవాళ్ళు. గోడ మందం రెండు నుంచి మూడు అడుగులు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది. వాన పడితే మాత్రం కప్పు కారేది, బయట వాన వెలిశాక కూడా లోపల కారుతూనే ఉండేది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, కాగితాల మీద మరకలకీ ఈ కప్పుకీ సంబంధం ఉంది. ఆ కాలపు మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కట్టల్లో బురదనీటి మరక కనిపిస్తే తుడిచేయాలని చూడకండి. ఆ మరక కూడా సాక్ష్యమే.

ఇక కాగితం, సిరా. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

పెద్దవాళ్ళు కొందరు విని ఉంటారు, మన ఊళ్ళలో కరక్కాయలు నానబెట్టి, ఆ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవాళ్ళు. అమెరికాలో ఆ రోజుల్లో వాడిన నల్లసిరా సరిగ్గా ఆ జాతిదే. కరక్కాయ బదులు మాచికాయ. మాచికాయలోనూ అదే వగరు, అన్నభేదిలోని ఇనుముతో అదే కలయిక. రాసేటప్పుడు పలచగా ఉంటుంది, గాలి తగిలాక నల్లబడుతుంది, ఏళ్ళు గడిచాక గోధుమరంగుకి తిరుగుతుంది. పాత ఉత్తరాల్లో ఆ గోధుమరంగు మీరు చూసే ఉంటారు. ఈ సిరాకి పులుపు గుణం, అంటే ఆమ్లగుణం, ఉంది. పైగా అన్నభేది పాలు ఎక్కువైతే, మిగిలిన ఇనుము కాగితాన్ని లోలోపల తినేస్తూ ఉంటుంది. మొదట అక్షరం వెనకవైపుకి తేలుతుంది. తరువాత అక్షరం గీసినచోట కాగితం చిట్లుతుంది. చివరికి అక్షరమే రాలిపోతుంది, కాగితంలో అక్షరం ఆకారంలో కన్నం మిగులుతుంది. బాగా ఒత్తి రాసినచోట, సిరా మడుగుకట్టినచోట, ముందు అక్కడే పోతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఏమిటంటే, మడతలు పడ్డ కాగితాన్ని కాస్త తడిచేసి ఇస్త్రీ చేసినట్టు సాపు చేద్దామనుకోవడం. వద్దండీ. ఈ సిరాలో మిగిలిపోయిన ఇనుము నీటిలో కరుగుతుంది. తడి తగిలితే అది అక్షరాన్ని దాటి చుట్టూ ఉన్న మంచి కాగితంలోకి పాకుతుంది. అప్పటిదాకా గీత వరకే ఉన్న జబ్బు పేజీ అంతా వ్యాపిస్తుంది. పరిరక్షణశాలల్లో దీనికోసం ఒక పరీక్షపట్టీ ఉంది. దాన్ని ఒక్కచుక్క శుద్ధజలంతో చెమ్మచేసి, అద్దుడుకాగితంతో అదనపు తడి తీసేసి, సిరా మీద కాసేపు ఆనిస్తారు. పట్టీ గులాబిరంగుకి తిరిగితే ఇనుము వదులుగా ఉందని అర్థం. దానికి కాల్షియం ఫైటేట్ స్నానం, ఆ తరువాత కాల్షియం బైకార్బొనేట్ స్నానం అని వైద్యం ఉంది. అది శిక్షణ పొందినవాళ్ళు చేయాల్సిన పని. ఇంట్లో మనం చేయాల్సింది ఒక్కటే, పొడిగా ఉంచడం.

అన్ని సిరాలూ ఇదే కాదు. 1856 తరువాత కృత్రిమ రంగులొచ్చాయి. ఊదారంగు సిరా కనిపిస్తే చాలామటుకు అదే. దానికి నీళ్ళు శత్రువే, వెలుతురు అంతకంటే శత్రువు. గోడకి ఫ్రేము కట్టి పెడితే కొన్నేళ్ళకి తెల్లకాగితం మిగులుతుంది. పెన్సిల్‌తో రాసినవి? అవే గట్టివి. పెన్సిల్ గీతకి వెలుతురన్నా నీళ్ళన్నా భయం లేదు, రాపిడి ఒక్కటే భయం.

కాగితం సంగతి కూడా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో కాగితం గుడ్డపీలికలతో చేసేవాళ్ళు. అది ఇప్పటికీ బట్టలాగా ఒంగుతుంది. ఆ తరువాత చెక్కగుజ్జు వచ్చింది. సిరా పాకకుండా ఉండడానికి పటిక, రోజనం కలిపారు. పటికతో పులుపు చేరింది. అందుకే ఒకే కట్టలో 1840ల ఉత్తరం తెల్లగా ఉండి, 1890ల ఉత్తరం పసుపెక్కి విరిగిపోతూ కనిపిస్తుంది. పాతది బాగుండి కొత్తది పాడవడం ఏమిటని ఆశ్చర్యపోకండి. అన్నిటికంటే పులుపు ఎక్కువ వార్తాపత్రిక ముక్కల్లో ఉంటుంది. ఉత్తరం మడతలో మరణవార్త ముక్క ఒకటి పెట్టి వదిలేస్తే, ఆ ముక్క ఆకారం ఉత్తరం మీద గోధుమరంగు అచ్చుగా దిగిపోతుంది. ఆ ముక్కని మంచి కాగితం మీద నకలు తీసి, అసలుదాన్ని విడిగా పెట్టాలి. ఏ ఉత్తరంలో, ఏ మడతలో దొరికిందో నకలు మీద పెన్సిల్‌తో రాయాలి. అది రాయడం మరిచిపోతే ఆ ముక్క అనాథ అయిపోతుంది.

ఇంకొక చిత్రమైన అలవాటు ఉండేది వాళ్ళకి. పేజీ నిండిపోయాక, కాగితాన్ని పక్కకి తిప్పి, రాసినదాని మీదే అడ్డంగా మళ్ళీ రాసేవాళ్ళు. వల అల్లినట్టుంటుంది. ఎందుకు? కాగితం ఖర్చు, తపాలా ఖర్చు. 1883 దాకా అర ఔన్సుకి మూడు సెంట్లు. అర ఔన్సు అంటే సుమారు 14 గ్రాములు, రెండు మూడు పలచటి కాగితాలు. దాటితే ఇంకో మూడు సెంట్లు. అటువంటి పేజీని చదవడానికి ఒక ఉపాయం ఉంది. నల్ల అట్టలో ఒక వరస మాత్రమే కనిపించేలా సన్నని చీలిక కోసి, ఆ చీలికని వరస మీద పెట్టి జరుపుకుంటూ పోవాలి. అడ్డగీతలు ఇంకా కనిపిస్తాయి, కానీ కన్ను వాటిని వదిలేయడం పదినిమిషాల్లో నేర్చుకుంటుంది. అట్ట కాగితానికి తగలకుండా పట్టుకోవాలి. లేదా ఫొటో మీద చేయండి, ఇంకా మేలు.

ఇప్పుడు తేదీల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, ఒక లెక్క చేసి చూద్దాం.

ఉత్తరాల మీద తరచుగా సంవత్సరం ఉండదు. రాసినవాళ్ళకి ఏ సంవత్సరమో తెలుసు, చదివేవాళ్ళకీ తెలుసు, ఇంకెందుకు? కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది గానీ, స్టాంపుల కోసం కవర్లు చింపి తీసుకెళ్ళినవాళ్ళు బోలెడుమంది. ఒక ఉత్తరం మీద "ఆదివారం, ఏప్రిల్ 13" అని మాత్రమే ఉందనుకుందాం. 1860 నుంచి 1890 దాకా పాత క్యాలెండర్లు తీస్తే ఏప్రిల్ 13 ఆదివారం అయిన సంవత్సరాలు దొరుకుతాయి. 1862, 1873, 1879, 1884, 1890. అయిదు. సరే, ఉత్తరంలో ఆరోజు ఈస్టరు పండగ అని కూడా ఉందనుకోండి. అప్పుడు తేలిపోయినట్టేనా?

తేలలేదు. 1862 పోతుంది, ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. 1890 కూడా పోతుంది. కానీ 1873, 1879, 1884, ఈ మూడు సంవత్సరాల్లోనూ ఈస్టరు సరిగ్గా ఏప్రిల్ 13నే వచ్చింది! క్యాలెండరు ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ బోర్లాపడతాం. మూడో ఆధారం కావాలి. యురయా మ్యాటీకి రాసిన ఉత్తరమైతే, మ్యాటీ 1880లో చనిపోయింది కాబట్టి 1884 కుదరదు. 1879లో వాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి ఉత్తరం రాసే పని పెద్దగా లేదు, చూశారా, దూరం సంగతి మళ్ళీ వచ్చింది. మిగిలింది 1873. పైగా ఆ రోజున మంచుతుఫాను మొదలైందని ఉత్తరంలో ఉంటే ఇక సందేహం లేదు. నెబ్రాస్కాలో 1873 ఈస్టరు తుఫాను పేరుపడింది. ఆదివారం వానగా మొదలై మంచుగా మారి మూడు రోజులు వదలలేదు. గడప దాటి పశువుల కొట్టం దాకా వెళ్ళలేని పరిస్థితి. ఆబ్లింగర్ ఉత్తరాల్లో ఆ తుఫాను ప్రస్తావన ఉంది. అప్పటికి మ్యాటీ ఇంకా ఇండియానాలోనే ఉంది. ఇంకో నెలన్నర ముందే ఆవిడ వచ్చేసి ఉంటే, ఆ తుఫాను గురించి భర్త భార్యకి రాసిన మాట మనకి దక్కేది కాదు.

తేదీ మనం తేల్చినదైతే ఎప్పుడూ చదరపు బ్రాకెట్లలో రాయాలి. కాగితం మీద ఉన్న తేదీ వేరు, మన లెక్కతో వచ్చిన తేదీ వేరు. ఈ రెండూ కలిపేస్తే మన తరువాత చూసేవాళ్ళకి తప్పు ఎక్కడుందో తెలియదు.

చదివి రాయడం గురించి కూడా ఒకమాట. మ్యాటీ ఉత్తరాల్లో వాక్యాల మధ్య చుక్క ఉండదు. ఇంకా నేల వేయలేదు, శరత్కాలానికి మెరుగవుతుంది, ఈ రెండు మాటలూ ఒకే ఊపులో పోతాయి. టైపు చేసేవాళ్ళకి చెయ్యి ఊరుకోదు. చుక్క పెడతారు, అక్షరదోషం దిద్దుతారు. దిద్దకూడదు. ఆవిడ ఎలా పలికేదో ఆ తప్పులోనే ఉంటుంది. చదవలేని మాట దగ్గర ఊహించకుండా "చదవలేకపోయాం" అని రాయాలి. ఊహించక తప్పకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి. ఒకరు చదివింది ఇంకొకరు అసలుతో సరిచూడాలి. ఒక్కరే రెండుసార్లు చూస్తే లాభం లేదు, మొదటిసారి పొరపడ్డ మాటనే రెండోసారీ చదువుతారు.

దిద్దడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంకో కుటుంబం కాగితం ఉదాహరణగా చెప్తాను. 1846లో కాలిఫోర్నియా వెళ్తూ సియెర్రా నెవాడా కొండల్లో మంచులో చిక్కుకున్న డానర్ బృందం గురించి కొందరు వినే ఉంటారు. అందులో పాట్రిక్ బ్రీన్ అనే ఐర్లండ్ రైతు, భార్యాబిడ్డలతో ఉన్నవాడు, 1846 నవంబర్ 20 నుంచి 1847 మార్చి 1 దాకా దినచర్య రాశాడు. చిన్న కాగితాలు ఎనిమిది మడిచి పుస్తకంలా చేసుకుని రాశాడు. మంచు ఎంత పడింది, గాలి ఎటు వీచింది, ఎవరు పోయారు, అంతే. 1847 మే నెలలోనే ఒక కాలిఫోర్నియా పత్రిక దాన్ని అచ్చువేసింది, కత్తిరించి, దిద్ది. అదృష్టం ఏమిటంటే అసలు ప్రతి మిగిలింది, ఇప్పుడు బర్క్‌లీలో బ్యాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో ఉంది. కాబట్టి అచ్చులో ఏం పోయిందో పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. అసలు పోయి అచ్చు మిగిలిన కాగితాలు ఎన్నో. వాటిల్లో ఏం పోయిందో ఇక తెలిసే మార్గం లేదు.

ఫొటోల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆబ్లింగర్ ఉత్తరాలతో కలిపి సాలమన్ బుచర్ అనే ఆయన తీసిన ఫొటోలు కూడా పెట్టింది. సుమారు 3,000 గాజుపలకలు, అప్పట్లో ఫిల్ము బదులు అవే. 1886లో మొదలుపెట్టి మట్టిపెళ్ళల ఇళ్ళ ముందు కుటుంబాలని నిలబెట్టి తీశాడు. 1899లో ఆయన ఇల్లు కాలిపోతే, గాజుపలకలు ధాన్యం కొట్టులో ఉండబట్టి దక్కాయి. అద్భుతమైన ఫొటోలు. కానీ ఉత్తరాల పక్కన ఫొటో కనబడేసరికి, ఇదే మ్యాటీ ఇల్లు అనుకుంటారు జనం. కాదు. బుచర్ ఎక్కువగా తీసింది కస్టర్ కౌంటీలో. మ్యాటీ ఇల్లు ఫిల్‌మోర్ కౌంటీలో, పైగా బుచర్ పని మొదలుపెట్టేసరికి ఆవిడ పోయి ఆరేళ్ళు. ఒకే చోట దాచినంత మాత్రాన ఒకే కథ కాదు.

ఇక కట్టలో లేనివాటి గురించి చెప్పాలి. చెప్పక తప్పదు.

ఇలాంటి కుటుంబాలని ఇంగ్లీషులో పయనీర్లు అంటారు, మనం తొలి వలసదారులు అంటాం. "తొలి" అన్నమాట దగ్గర ఆగండి. ఫిల్‌మోర్ కౌంటీ ఉన్నది ప్లాట్ నదికి దక్షిణాన. ఆ నేల పానీ అనే ఆదివాసీ జాతివాళ్ళది. 1833లో అమెరికా ప్రభుత్వంతో జరిగిన ఒప్పందంలో ఆ నదికి దక్షిణాన ఉన్న భూమి వాళ్ళ చేతి నుంచి పోయింది. మ్యాటీ తన కొత్త ఇంటి గురించి పుట్టింటికి రాసిన ఆ 1873 వేసవిలోనే, ఆగస్టు 5న, నెబ్రాస్కా నైరుతి మూల వేటకి వెళ్ళిన పానీలు లకోటా అనే ఇంకో ఆదివాసీ జాతి దాడిలో చిక్కుకుని పెద్దసంఖ్యలో చనిపోయారు. ఆ తరువాత రెండేళ్ళలో ఆ జాతి మొత్తం నెబ్రాస్కా వదిలి ఇప్పటి ఓక్లహోమాకి వెళ్ళిపోయింది. 160 ఎకరాలు 18 డాలర్లకి ఎలా వచ్చాయి అనే ప్రశ్నకి జవాబు ఆబ్లింగర్ పెట్టెలో దొరకదు, ఒప్పందాల కాగితాల్లో దొరుకుతుంది. ఒక్క పెట్టె చదివి ఒక దేశం చరిత్ర చెప్పకూడదు.

కలిసి ఉన్న రోజుల సంతోషం కూడా కట్టలో తక్కువే ఉంటుంది, అది ఇందాక చెప్పాను. అలాగే కష్టం అన్ని కోణాల నుంచీ ఉండదు. 1874 వేసవిలో రాకీ పర్వతాల మిడతలు నెబ్రాస్కా మీద పడ్డాయి. మొక్కజొన్న, కూరగాయలు, ఆరేసిన బట్టలు కూడా వదల్లేదు. ఆ మిడతజాతి ఇప్పుడు భూమ్మీద లేదు, ఆఖరిసారి 1902లో ప్రాణంతో దొరికింది. మిడతలూ అప్పులూ ఆబ్లింగర్ ఉత్తరాల్లో ఉన్నాయి. కానీ అప్పిచ్చినవాడి వైపు కాగితం? అది కౌంటీ కచేరీలో తాకట్టు రిజిస్టరులో ఉంటుంది. భూమి సొంతం చేసుకునేటప్పుడు ఇచ్చిన సాక్ష్యం? అది వాషింగ్టన్‌లో జాతీయ అభిలేఖాగారంలో, అంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఉంటుంది. హోమ్‌స్టెడ్ దస్త్రాల్లో ఇద్దరు సాక్షుల వాంగ్మూలం ఉంటుంది. ఇల్లు ఎన్ని అడుగులు, ఎన్ని ఎకరాలు దున్నారు, బావి ఉందా, అన్నీ అడిగేవాళ్ళు. ఉత్తరంలో "ఇల్లు బాగానే ఉంది" అని ఉంటే, దస్త్రంలో పొడవు వెడల్పులు ఉంటాయి. రెండూ పక్కన పెట్టుకుంటేనే ఇల్లు కనిపిస్తుంది. 1880 జనాభా లెక్కల్లో ఇంకో పట్టిక ఉంది, 1879 జూన్ నుంచి 1880 మే దాకా చనిపోయినవాళ్ళది. వయసు, నెల, కారణం. మ్యాటీ 1880లో ప్రసవ సమయంలో పోయింది, ముగ్గురు ఆడపిల్లలని వదిలి. ఆ కాలపు ఆ పట్టికలు తిరగేస్తే, ప్రసవం అనే కారణం ఎదురుగా ఎందరు ఆడవాళ్ళ పేర్లున్నాయో చూస్తే గుండె చెరువవుతుంది. ఏడేళ్ళ కిందట ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనని రాసిన మనిషి.

ఇంకొక్క సంగతి గమనించారా? యురయా భార్యకి రాసినవి ఇండియానాకి వెళ్ళాయి. మ్యాటీ రాసినవి ఆవిడ పుట్టింటికి వెళ్ళాయి. వేర్వేరు చేతుల్లోకి వెళ్ళిన ఉత్తరాలు ఇప్పుడు ఒకేచోట ఎలా ఉన్నాయి? ఎవరో వాటిని పోగుచేశారన్నమాట. ఉత్తరాలు వాటంతట అవి నడిచిరావు కదా. ప్రతి కట్ట వెనకా దాచిన మనిషి ఉంటారు, ఏది ఉంచాలో ఏది పొయ్యిలో వేయాలో తేల్చిన మనిషి ఉంటారు. అందుకే అభిలేఖాగారాల్లో రెండు నియమాలు పాటిస్తారు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసిపెట్టడం. దాచినవాళ్ళు పెట్టిన వరస చెడగొట్టకపోవడం. అమ్మ ఒక కట్టగా కట్టింది అంటే, ఆ కట్టలో ఉన్నవి ఆవిడ దృష్టిలో ఒకదానికొకటి సంబంధం ఉన్నవి. మనం తెలివిగా తేదీల వారీగా సర్దితే ఆ సంబంధం పోతుంది. తేదీల పట్టిక కావాలంటే విడిగా కాగితం మీద రాసుకోండి, కట్ట కదల్చొద్దు.

ఇక మన ఇళ్ళ సంగతి. ఈ హాల్లో అమెరికాలో పిల్లలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎనభైల్లో, తొంభైల్లో అక్కడి నుంచి వచ్చిన నీలిరంగు ఏరోగ్రాములు, ఇక్కడి ఇన్‌ల్యాండ్ లెటర్లు, బీరువా పైన రేకుపెట్టెలో ఉండే ఉంటాయి. ఆబ్లింగర్ ఉత్తరాలకి చేసినదే వీటికీ చేయాలి. రబ్బరుబ్యాండ్లు తీసేయండి, అవి కరిగి అంటుకుంటాయి. నూలు పట్టీతో వదులుగా కట్టండి. తుప్పుపట్టిన గుండుసూదిని లాగొద్దు. సూది కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, తుప్పు విడిపించుకుంటూ నెమ్మదిగా జరపాలి. సెలోటేపు వేయొద్దు. ల్యామినేషన్ అసలే వద్దు. ఒకసారి వేడితో అతికిందంటే ఊడదు. లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది, మనకేమో భద్రంగా ఉందనిపిస్తుంది. పారదర్శకమైన కవరు కావాలంటే పాలియెస్టర్‌ది వాడాలి. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు అక్షరాలని పీల్చుకుంటాయి. ఫోల్డర్లు పులుపు లేనివి, క్షారగుణం కొద్దిగా ఉన్నవి తీసుకోవాలి. అమెరికాలో అభిలేఖాగారాల గిడ్డంగుల్లో సుమారు 18 నుంచి 20 డిగ్రీల వేడి, 35 నుంచి 50 శాతం తేమ ఉంచుతారు. మన కృష్ణ ఒడ్డున అది కుదరదు. కనీసం తేమ 65 శాతం దాటకుండా చూసుకుంటే బూజు పట్టదు. పెట్టె బయటి గోడకి ఆనించొద్దు, నేలమీద పెట్టొద్దు, అటక మీద అంతకన్నా వద్దు. నెలకోసారి తెరిచి చూడండి. రామబాణం పురుగుకీ చెదకీ ఎవరూ ముట్టని పెట్టె అంటే చాలా ఇష్టం.

ఫొటో తీసేటప్పుడు అంగుళానికి 400 చుక్కలు, రెండువైపులా, ఖాళీ వైపు కూడా. అడ్రసున్న వైపు తప్పకుండా. పక్కన స్కేలు పెట్టండి. ఫైలు పేరులో "అమ్మ ఉత్తరం" అని పెట్టకండి, అందరి ఇంట్లోనూ అమ్మ ఉంటుంది. సంఖ్య ఇవ్వండి. అదే సంఖ్య ఫోల్డరు మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి. ఫొటోల వెనక పేర్లు కూడా పెన్సిల్‌తోనే, అంచున, ఒత్తకుండా. "పెద్దమ్మ" అని రాస్తే యాభై ఏళ్ళ తరువాత ఎవరికి పెద్దమ్మో తెలియదు. పూర్తి పేరు, ఊరు రాయండి.

చివరగా ఒక పని. వచ్చే నెల రెండో ఆదివారం ఇక్కడే బల్లలు వేస్తున్నాం, రెండు స్కానర్లు ఉంటాయి. మీ కట్టలు తీసుకురండి. తెచ్చేటప్పుడు విప్పొద్దు, దులపొద్దు, వరస మార్చొద్దు. పెట్టెలో ఎలా ఉందో అలాగే. ఆ కట్ట కట్టింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటే, ఈ రాత్రే అడిగి, ఒక చీటీ మీద రాసి, పైన పెట్టి తీసుకురండి.